దిష్టి మొగ్గ

మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళకు చేతులు కట్టేసినట్టే. ముహూర్తాలు లేని ఆ వారాల్లో ఫంక్షన్ హాళ్ళకు తాళాలు పడతాయి, సన్నాయిలు గుడ్డసంచుల్లోకి పోతాయి, ఫోన్లు మోగవు. అటువంటి ఒక మూఢంలోనే, తెనాలి జంక్షన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో, నలుగురు స్త్రీలు మొదటిసారి ఒకచోట కూర్చున్నారు. రేపల్లె నుంచి ప్యాసింజరులో వచ్చేవాళ్ళకూ, బాపట్ల నుంచి వచ్చేవాళ్ళకూ అంతకన్నా అనువైన చోటు లేదు. పైగా అక్కడ కూర్చుంటే ఎందుకు కూర్చున్నారని అడిగే మగవాడు లేడు.

అందరినీ కూడగట్టింది బిందుమాధవి. తెనాలిలో పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేస్తుంది, నలుగురిలోకీ చిన్నది. రేపల్లె షహనాజ్ జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తుంది. బాపట్ల సుబ్బాయమ్మ సారె మిఠాయిలు వండుతుంది, నలుగురిలోకీ పెద్దది. నాలుగో మనిషి లక్ష్మీదుర్గ. పుట్టిల్లు నందివెలుగు, మెట్టిల్లు తెనాలి, పని పూలజడలు కుట్టడం. ఈ కథ ఆమెది.

నలుగురూ ఒకే పెళ్ళికూతురి చుట్టూ తిరిగేవాళ్ళే. ఒకరిది ముఖం, ఒకరిది భుజం, ఒకరిది వీపున వేలాడే జడ, ఒకరిది ఒడి నిండే సారె. అయినా అన్నేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఎందుకు మాట్లాడుకోలేదో ఆ మొదటి రోజే తేలింది.

"మనందరికీ పెళ్ళి పనులిచ్చే ఆ ఈవెంట్లాయన నాతో ఏమన్నాడో తెలుసా?" అంది బిందుమాధవి. "బాపట్ల మిఠాయిలావిడకి నోటి దురుసు, దూరంగా ఉండమ్మా అన్నాడు."

"నాకా? నోటి దురుసా?" సుబ్బాయమ్మ కాజాల డబ్బా మూత పక్కనపెట్టింది. "నన్ను చూసి చెప్పవే, ఉందా?"

"ఉంది పిన్నీ," అంది షహనాజ్ తాపీగా. "అయితే ఆ సంగతి వాడికెట్లా తెలిసిందా అని."

అప్పుడు నవ్విన నవ్వుకు పక్క బెంచీ మీద పడుకున్న పసిబిడ్డ లేచి ఏడ్చింది. ఆ ఈవెంట్లాయన ఒక్కొక్కరి గురించి ఇంకొకరికి చాడీలు చెప్పి, అందరినీ విడివిడిగా తన గుప్పిట్లో పెట్టుకున్నాడని అర్థమవడానికి ఆ మధ్యాహ్నం చాలు. అప్పటి నుంచీ ఒకరికి పని వస్తే మిగతా ముగ్గురి పేర్లూ చెప్పడం మొదలుపెట్టారు. ఇళ్ళలో వాళ్ళ పనికి పని అనే పేరే లేదు. 'ఊరికే ఉండలేక ఏదో చేసుకుంటోంది' అనేవారు. మూఢం మూఢానికీ జంక్షన్‌లో కలిసినప్పుడు మాత్రం అది పని. సుబ్బాయమ్మ డబ్బాలో ఎప్పుడూ విరిగిన కాజాలే ఉండేవి. "అమ్మేవి అమ్మాలి, విరిగినవి మనం తినాలి" అన్నది ఆవిడ సూత్రం.

లక్ష్మీదుర్గ జడల్లో ఒక ప్రత్యేకత ఉండేది. మల్లెమొగ్గలను వరుసలుగా అట్టమీద కుట్టి, నడుమ కనకాంబరాలు, గులాబీ రేకులు దిగేసి, జడంతా ఇంటి దగ్గరే ముగించేది; ఒక్క మొగ్గ మాత్రం మిగిల్చి తడిగుడ్డలో తీసుకెళ్ళేది. పెళ్ళికూతురికి జడ కట్టాక, మెడ పైన, ఆ పిల్ల సొంత వెంట్రుకలకు కలిపి, ఆ మొగ్గను తలకిందులుగా కుట్టేది. అది దిష్టి మొగ్గ. చూసేవాళ్ళ కళ్ళన్నీ ముందు ఆ వంకర మొగ్గ మీద పడి ఆగిపోవాలని. మేనత్త నేర్పిన పద్ధతి. దారం పళ్ళతో కొరికి, "కుట్టు పడింది, ఇక లే తల్లీ" అనేది. ఆ మాట అన్నాకగానీ పెళ్ళికూతురు లేవదు. తెనాలి చుట్టుపక్కల ఆ మాట విని పీటలెక్కిన పిల్లలు ఇవాళ పిల్లల తల్లులు.

ఆమె భర్త వినయ్ కుమార్ తెల్లవారకముందే పూల మార్కెట్‌కు వెళ్ళి, మొగ్గలు ఏరి, విచ్చుకోబోయేవి పక్కన పడేసి తెచ్చేవాడు. ఏ మొగ్గ ఎప్పుడు విచ్చుకుంటుందో అతనికి పిల్లల ఆకలి తెలిసినట్టు తెలిసేది. ఒకరోజు మార్కెట్‌లో పూలగంప ఎత్తుకుంటూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఆ గంపలోని మొగ్గలు ఆ సాయంత్రానికి అక్కడే విచ్చుకున్నాయి.

కర్మకాండ ముగిసిన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఓదార్చారు. ఓదార్చి, చివరికి ఒకే మాట దగ్గర ఆగారు.

"ఏమనుకోకమ్మా దుర్గా, నీ చేతి జడంటే మాకు ప్రాణం. కానీ మా వియ్యపురాలున్నారు చూడూ... పాతకాలం మనిషి. శుభమా అని పెళ్ళి. అర్థం చేసుకుంటావు కదా."

"అలాగేనండి," అనేది దుర్గ.

ఏ వియ్యపురాలూ నోరు తెరిచి వద్దన్న దాఖలా లేదు. అయినా ప్రతి ఇంట్లోనూ ఎదుటి ఇంటి వియ్యపురాలి పేరు చెప్పి ఒకే తలుపు వేశారు. భర్త చనిపోయిన స్త్రీ పూలజడ కుట్టరాదని ఏ చట్టంలోనూ లేదు. ఉంటే కొట్టివేయమని అడగవచ్చు. రాసి ఉన్న అన్యాయానికి ఎదురు నిలవడానికి ఒక మెట్టయినా దొరుకుతుంది. 'అర్థం చేసుకుంటావు కదా' అనే అన్యాయానికి కోర్టు గుమ్మం ఎక్కడుంది? బాధితురాలి చేతనే సమ్మతి పలికించి, ఆ సమ్మతినే సాక్ష్యంగా చూపించే నేరం ఇది. పెళ్ళిపత్రికల్లో పేర్ల పక్కన డిగ్రీలు అచ్చేసుకునే ఇళ్ళన్నీ ఈ నేరం చేశాయి.

ఆ మూఢంలో జంక్షన్‌కు దుర్గ రాలేదు. ముగ్గురూ ఆమె ఇంటికే వచ్చారు. వంటింట్లో చాప మీద కూర్చున్నారు. షహనాజ్ కోపంగానే మాట్లాడింది.

"మాలో మొగుడు పోతే ఇద్దత్ అని పాటిస్తారు. నాలుగు నెలల పైచిలుకు. దానికో చివరంటూ ఉంది. మరి మీదానికి చివరేదే?"

సుబ్బాయమ్మ కిటికీ వైపు చూసింది.

దారి చూపించింది బిందుమాధవే. "అక్కా, నువ్వు ఇంట్లో కుట్టు. నేను తీసుకెళ్ళి కడతా. ఎవరు కుట్టారో అడిగేవాళ్ళుండరు. అడిగితే నేను చూసుకుంటా."

అది ప్రేమ. అందులో సందేహం లేదు. దుర్గ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఏడాది పాటు ఆ ప్రేమే కాపాడింది. మొగ్గలు తేవడానికి షహనాజ్ తమ్ముడు అయాజ్‌ను పురమాయించింది. సుబ్బాయమ్మ బాపట్ల నుంచి వారం వారం ఫోన్ చేసి, "తిన్నావా? ఏం తిన్నావ్? పచ్చడి మెతుకులు తినడమేంటే?" అని కసిరేది. పడిపోతున్న మనిషిని ముగ్గురు కలిసి పట్టుకున్నారు. అయితే పట్టుకున్న చేతులే ఆమెను కప్పేశాయని వాళ్ళకు తెలియలేదు. ఆమెకు తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టడం ఎలా?

జడలు వెళ్ళేవి. దిష్టి మొగ్గ మాత్రం వెళ్ళేది కాదు. దాన్ని పెళ్ళికూతురి తలమీదే కుట్టాలి. ప్రతి జడకూ ఒక మొగ్గ మిగిలేది. దాన్ని దుర్గ భర్త ఫోటో ముందు పెట్టేది కాదు, తలలో పెట్టుకునే వీలు లేదు, పారేయడానికి మనసొప్పేది కాదు. నీళ్ళ గ్లాసులో వేసేది. పొద్దున్నకి విచ్చుకుని ఇల్లంతా వాసన వేసేది. ఆ వాసన ఆమెకు పెళ్ళిళ్ళను గుర్తు చేసేది, ఆ తర్వాత అతన్ని.

ఏడాది తిరిగాక సుబ్బాయమ్మ మనవరాలు శ్రీజకు పెళ్ళి కుదిరింది.

"నా మనవరాలికి నీ జడే ఉండాలి," అంది సుబ్బాయమ్మ ఫోన్‌లో. దుర్గ గుండె ఒక్కసారి పైకి లేచింది. "బిందు చేత పంపించు," అనేసరికి మళ్ళీ కిందికి దిగింది.

అయినా వెళ్ళింది. తన మనుషుల ఇంట్లో పెళ్ళి. మిగతా ఇళ్ళ లెక్క వేరు, సుబ్బాయమ్మ ఇంటి లెక్క వేరు అనుకుంది. మొగ్గలు ఎండకు వాడకుండా జడను తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగింది. విడిగా, చిన్న గుడ్డలో, ఒక మొగ్గ. కొంగున సూది, దారం.

ఫంక్షన్ హాలు వెనక గుమ్మంలో బిందుమాధవి జడ అందుకుంది. "పిన్ని లోపలుందక్కా, సారె సర్దుతోంది. నువ్వు అక్కడ కూర్చో. నేను ఇప్పుడే వస్తా," అని, దుర్గ చేతిలోని చిన్న గుడ్డ వైపు చూసి, చూడనట్టు వెళ్ళిపోయింది.

సుబ్బాయమ్మ స్టోర్ రూములో ఉంది. చుట్టూ అరిసెల బుట్టలు, లడ్డూల ట్రేలు, కాజాల డబ్బాలు. కట్టుకున్నది కొత్త చీర, మనవరాలి పెళ్ళికని పేరాలలో కావాలని నేయించుకున్నది. ఆ చీర కట్టుకుని గోనెసంచుల మధ్య పీట వేసుకుని కూర్చుంది.

"ఇక్కడున్నావేంటి పిన్నీ? అక్కడ అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు."

"చెయ్యనీ."

"నువ్వు వెళ్ళవా?"

"నేనెందుకే అక్కడ? మీ బాబాయి పోయి ముప్పై ఏళ్ళయింది. నా కూతురి పెళ్ళికే పందిట్లోకి పోలేదు."

"మరి తలంబ్రాలు? చూడొద్దా?"

"వీడియో తీస్తున్నారుగా. తర్వాత చూస్తా," అంది సుబ్బాయమ్మ, లడ్డూల మీద కాగితం సర్దుతూ. "అట్లా చూడమాకు దుర్గా. నేను వండిన సారె లేకుండా ఈ చుట్టుపక్కల ఒక్క పిల్ల అత్తారింటికి పోలేదు. ఎవరు వండారని డబ్బా మీద రాసుండదుగా. తింటారు, బాగుందంటారు. అంతే. మనకి అంతే."

దుర్గ గోనెసంచి మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళ నుంచి వేల పెళ్ళిళ్ళను తియ్యగా చేసిన మనిషి, తన రక్తం పంచుకున్న పిల్ల పెళ్ళి పక్కగదిలో జరుగుతుంటే, సన్నాయిని గోడ ఇవతల నుంచి వింటోంది. ఆమెను ఎవరూ ఆ గదిలో బంధించలేదు. తలుపు తీసే ఉంది.

వరండాలో ఎవరో పెద్దావిడ గొంతు వినిపించింది. "జడ ఎంత బాగుందో! ఎవరండీ కుట్టింది?"

దుర్గ తెరిచిన తలుపు వైపు తిరిగింది.

"మాదేనండి," అంది బిందుమాధవి.

సన్నాయి హెచ్చింది. దుర్గ చిన్న గుడ్డ విప్పి మొగ్గను చూసింది. వేడికి అప్పటికే సగం విచ్చుకుంది. దాన్ని లడ్డూల ట్రే పక్కన పెట్టి, భోజనం కూడా చేయకుండా, రైలెక్కి వచ్చేసింది.

తర్వాతి మూఢంలో జంక్షన్‌కు అందరికన్నా ముందు వచ్చింది దుర్గే. ముగ్గురూ కూర్చున్నాక, కాజాల డబ్బా తెరవకముందే చెప్పింది.

"నాకు ఇక జడలు చెప్పొద్దు. మానేస్తున్నా."

"మానేసి?" అంది సుబ్బాయమ్మ. "ఏం తింటావ్?"

"ఎక్కడో చోట చేరతా. బట్టల షాపులో చీరలు మడతపెడతా."

బిందుమాధవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు నేను అట్లా అన్నందుకా అక్కా? పెళ్ళివారి ముందు ఏం చెప్పాలో తోచలేదు. మాది అంటే మన నలుగురిదీ అనే..."

"నీ మీద కోపం లేదమ్మా. నువ్వు లేకపోతే ఏడాది కిందటే చచ్చేదాన్ని." దుర్గ గొంతు పెంచలేదు. సుబ్బాయమ్మ వైపు తిరిగింది. "పిన్నీ, నిన్ను ఆ గదిలో చూశాక నాకు భయమేసింది. ఇట్లాగే కుట్టుకుంటూ పోతే, ముప్పై ఏళ్ళకి నేనూ అదే గోనెసంచి మీద కూర్చుని, 'మనకి అంతే' అని ఇంకో పిల్లకి చెప్తా. అది నావల్ల కాదు. దాక్కుని కుట్టే జడ నాకొద్దు."

షహనాజ్ ఏదో అనబోయి, సుబ్బాయమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆవిడ తల వాలిపోయింది. బాపట్ల వైపు వెళ్ళే బండి వచ్చింది, ఆవిడ లేవలేదు. బండి కదిలింది, అప్పటికీ లేవలేదు.

బండి వెళ్ళిపోయాక అంది: "ఆ వీడియో ఇంతవరకూ చూడలేదే. పెట్టమని అడగబుద్ధి కాలా."

బిందుమాధవి జరిగి ఆవిడ పక్కన కూర్చుంది.

"సరే వినండి," అంది మళ్ళీ, కొంగుతో ముక్కు తుడుచుకుని. "ఇకనించి ఎవరు ఫోన్ చేసినా ముందే చెప్పండి. మిఠాయి వండేది మొగుడు పోయిన మనిషి, జడ కుట్టేదీ మొగుడు పోయిన మనిషి. జడావిడే వచ్చి, తన చేత్తోనే కడుతుంది. ఇష్టమైతే నలుగురం వస్తాం. లేకపోతే నలుగురమూ రాం."

"నలుగురమూనా?" అంది బిందుమాధవి, తన ఇల్లు గుర్తొచ్చి.

"నీకు కష్టమైతే చెప్పు. తప్పులేదు."

బిందుమాధవి డబ్బా మూత తీసి, విరిగిన కాజా ముక్క నోట్లో వేసుకుంది. "నలుగురమూ," అంది నిండిన నోటితో.

ఆ సీజను ఎలా గడిచిందో వివరించడం అనవసరం. ఫోన్ చేసినవాళ్ళు విన్నారు, "కనుక్కుని చెప్తామండి" అన్నారు, మళ్ళీ చేయలేదు. ఈవెంట్లాయన నవ్వుకున్నాడు. బిందుమాధవి భర్త వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. షహనాజ్ మగ్గం మీద గుడ్డ కప్పింది. సంఘటితమవడం గొప్పదని వేదికల మీద చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని కోసం ఇంట్లో పాల ప్యాకెట్టు ఒకటి తగ్గించుకున్నవాళ్ళు ఈ నలుగురు.

చివరికి ఒక రేపల్లె ఇల్లు ఒప్పుకుంది. వాళ్ళు సంస్కర్తలేమీ కారు. షహనాజ్ కుట్టిన జాకెట్ లేకపోతే పీటలెక్కనని పెళ్ళికూతురు మొండికేసింది. తల్లి విసిగిపోయి, "సరేనమ్మా, అందరూ రండి, అదేదో కట్టండి," అంది. హక్కు గౌరవంతోనే వస్తుందని లేదు. విసుగుతో కూడా వస్తుంది. వచ్చింది.

రేపల్లె ప్యాసింజరులో దుర్గ జడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరో చేతిలో తడిగుడ్డ, అందులో మొగ్గ. సుబ్బాయమ్మ కూడా వచ్చింది, పేరాల చీర కట్టుకుని.

పెళ్ళికూతురి గదిలోకి ముత్తైదువలు తొంగిచూసి, గుసగుసలాడి, పక్కకి తప్పుకున్నారు. దుర్గ జడ కట్టింది. చేతులు మరిచిపోలేదు. పాయలు పట్టుకున్నాయి, పిన్నులు నిలిచాయి, జడ వీపు మీద సరిగ్గా కూర్చుంది. ఇక మొగ్గ ఒక్కటే మిగిలింది. సూదికి దారం ఎక్కించి, ఆ పిల్ల మెడ దగ్గరికి వంగింది.

చేయి కదల్లేదు.

పెళ్ళికూతురు తల వంచి ఎదురుచూస్తోంది. లేత మెడ, పసుపు, చిన్న చిన్న వెంట్రుకలు. దుర్గకు గంప పక్కన కూలబడిన మనిషి కనిపించాడు. తన చేయి తగిలితే? రేపు ఈ పిల్లకేమైనా అయితే? ఇంతకాలం ఫోన్‌లో ఆ ఇళ్ళన్నీ చెప్పిన మాట ఇప్పుడు తన గొంతుతోనే తనకు వినిపించింది. బయటి తలుపు తెరిపించడానికి నలుగురు కావలసి వచ్చింది; ఆ తలుపు ఎప్పుడో తన లోపల కూడా బిగించబడి ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"బిందూ," అంది సూది ఆమె వైపు చాచి. "నువ్వు కుట్టమ్మా."

బిందుమాధవి చేతులు వెనక్కి పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

"షహనాజ్..."

"నాకు మగ్గం సూదే వచ్చు. ఈ సూది రాదు," అంది షహనాజ్. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

సుబ్బాయమ్మ ముందుకొచ్చింది. దుర్గ చేతిలోని సూదిని తీసుకోలేదు. ఆ చేతి మణికట్టును పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక పెళ్ళికూతురికి ఇంత దగ్గరగా నిలబడటం అదే మొదలు.

"అవలేదా అండీ?" అంది పెళ్ళికూతురు తల వంచుకునే. "మెడ నొప్పెడుతోంది."

రెండు చేతులు కలిసి మొగ్గను తలకిందులుగా పెట్టి కుట్టాయి. దుర్గ వంగి దారం కొరికింది.

"కుట్టు పడింది," అంది. మిగతా మాట సుబ్బాయమ్మ పూర్తిచేసింది: "ఇక లే తల్లీ."

ఇది గెలుపే. ఆ తర్వాత ఇళ్ళు ఒకటొకటిగా, అరకొరగా, దారికొచ్చాయి. ఇవాళ తెనాలిలో పూలజడ కుట్టేది ఎవరంటే లక్ష్మీదుర్గ పేరు చెబుతారు. కానీ ఆమె భయం పోలేదు. ఏ జడ కుట్టినా, ఆ పిల్ల పేరు మనసులో పెట్టుకుంటుంది. రాత్రి అంబులెన్స్ కూత వినబడితే ఉలిక్కిపడుతుంది. మూఢం రాగానే జంక్షన్‌లో కూర్చుని ముందు అదే అడుగుతుంది.

"ఆ రేపల్లె పిల్ల బాగుందా?"

"బాగుంది. మొన్న బజార్లో చూశా. ముంజెలు కొనలేదని మొగుడితో పోట్లాడుతోంది," అంటుంది షహనాజ్.

"అతను బాగున్నాడా?"

"పోట్లాటలో ఓడిపోయాడు. అంతకుమించి బాగానే ఉన్నాడు."

"చుండూరు పిల్ల?"

"బాగుందక్కా. నెల తప్పిందట," అంటుంది బిందుమాధవి.

దుర్గ ఇంకో పేరు అడుగుతుంది. ఆ తర్వాత ఇంకొకటి. కిందటి మూఢంలో అడిగినవే మళ్ళీ అడుగుతుంది. వాళ్ళెవరూ నవ్వరు, విసుక్కోరు, పిచ్చిదానా అనరు. ఎవరి సంగతి తెలియకపోతే ఆ ఊరికి ఫోన్ చేసి, కనుక్కుని మరీ చెబుతారు. ఆఖరి పేరు అయిపోయేదాకా సుబ్బాయమ్మ ఒక విరిగిన కాజా ముక్కను చేతిలోనే పట్టుకుని కూర్చుంటుంది.

"అందరూ బాగున్నారే దుర్గా," అంటుంది అప్పుడు. "ఇక తిను."